ఒంగోలు దగ్గర మఠంలో ‘కమ్ అండ్ సీ’: నా అనుభవం

దైవపిలుపు గురించి, అంటే సిస్టర్ కావాలా అని ఆలోచిస్తున్న అమ్మాయిల కోసం ఈ రివ్యూ. ‘కమ్ అండ్ సీ’ అంటే చేరే ముందు మఠంలో కొన్నాళ్ళు ఉండి, అక్కడి జీవితం చూసి రావడం. మాది కందుకూరు వైపు పల్లె. డిగ్రీ అయ్యాక మా విచారణ (మా చర్చి పరిధి) ఫాదర్ గారి లెటర్ తీసుకుని ఒంగోలు దగ్గర ఒక సిస్టర్ల మఠానికి వెళ్ళాను.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. భోజనం మన ఇంటి భోజనమే: పప్పు, వంకాయ కూర, గోంగూర పచ్చడి. తెల్లవారకముందే గంట కొడతారు, ప్రార్థన, దివ్యబలి పూజ, తర్వాత ఎవరి పని వాళ్ళది. నాకు బాగా నచ్చింది సాయంత్రం ఆరాధన. అంత సేపు ఎవరూ ఏమీ అడగకుండా దేవుడి ముందు కూర్చోవడం నాకు చాలా అవసరమైంది.

మఠం పెద్ద మదర్ గారు ఏదీ దాచలేదు. "తొందరపడొద్దమ్మా, దేవుడికి మాట ఇచ్చే ముందు కాథలిక్ చర్చే నీకు టైమిస్తుంది" అన్నారు. నోవిషియేట్‌లో (వ్రతాలకు ముందు శిక్షణ కాలం) చేరాలంటే 17 ఏళ్ళు నిండాలి, అది కనీసం 12 నెలలు. ఆ తర్వాత తాత్కాలిక వ్రతాలు, అంటే కొంత కాలానికే ఇచ్చే మాట, మామూలుగా 3 నుంచి 6 ఏళ్ళు. జీవితాంతం ఉండే నిత్య వ్రతాలకు 21 ఏళ్ళు నిండాలి. ఇదంతా విన్నాక మా అమ్మ టెన్షన్ సగం తగ్గింది.

ఒక్క లోపం: ఫోన్ ఆఫీసులో ఇచ్చేయాలని ముందే చెప్పలేదు, ఇంట్లో కంగారుపడ్డారు. క్లాసులు కూడా ఎక్కువే, ఒంటరిగా ప్రార్థించుకునే టైమ్ ఇంకా ఇవ్వాలి.

అయినా తప్పకుండా వెళ్ళమంటాను. వంటగదిలో పెద్ద సిస్టర్లతో కూరగాయలు తరుగుతూ మాట్లాడండి, అక్కడే అసలు జీవితం తెలుస్తుంది. చేరాలనుకుంటే జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోండి.