ఓకామెల్ 5: పరిశోధనశాలలో పుట్టి పరిశ్రమకు ఆసరా అయిన భాష

ఫ్రాన్సులోని ఇన్రియా పరిశోధన సంస్థ నుంచి 1996లో వెలువడిన ఓకామెల్ ప్రోగ్రామింగ్ భాషను కొన్నేళ్లుగా వాడుతున్న నాకు, 2022 డిసెంబరులో వచ్చిన 5.0 విడుదల ఎంతో నమ్మకం కలిగించింది. ఒకే ప్రోగ్రాము పలు ప్రాసెసర్ కోర్లపై సమాంతరంగా నడిచేందుకు గార్బేజ్ కలెక్టరును (వాడకం అయిపోయిన మెమరీని తానే ఖాళీ చేసే భాగాన్ని) తిరిగి నిర్మిస్తూనే, పాత కోడ్‌లో అత్యధిక భాగం యథాతథంగా పనిచేసేలా చూడటం సామాన్యమైన పని కాదు. ఆ కృషిలో మద్రాసు ఐఐటీ పరిశోధకుల పాత్ర ఉండటం నాకు మరింత సంతోషం. అయితే తొలి విడుదలలో నేటివ్ కంపైలరు (కోడ్‌ను నేరుగా ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చేది) రెండు ప్రాసెసర్ రకాలకే పరిమితమైంది.

జేన్ స్ట్రీట్ వంటి ట్రేడింగ్ సంస్థ ఇంజనీర్లను, నిధులను సమకూర్చడం ఈ భాషకు పెద్ద బలం. కానీ పరిశోధకుడికి గుర్తింపు తెచ్చేది కొత్త పరిశోధన పత్రమే తప్ప పాత బగ్ సవరణ కాదు గనుక, దీనిపై ఆధారపడే ప్రతి సంస్థా ఆ నిత్య నిర్వహణకు జీతాలు భరించాలని నా అభిప్రాయం.