పాత భోషాణాలు, బొంతల వెంట: పెన్సిల్వేనియా నుంచి బ్రిమ్‌ఫీల్డ్ దాకా

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లలో లాంకాస్టర్ వెళ్లనివాళ్లు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే చాలు, హర్షీలో చాక్లెట్లు, దారిలో ఆమిష్ వాళ్ల (కార్లు వద్దనుకుని పాతపద్ధతిలో బతికే క్రైస్తవుల) గుర్రబ్బండి, నాలుగు ఫొటోలు, సాయంత్రానికి ఇల్లు. ఆ హైవే పక్కనే రెండు వందల ఏళ్ల నాటి రంగుల భోషాణాలు, చేత్తో రాసి బొమ్మలేసిన బాప్టిజం పత్రాలు, ఎర్రమట్టి పళ్లేలు, బొంతలు అమ్మే ఊళ్లు ఉన్నాయని చెబితే మా స్నేహితులే నమ్మలేదు. మా ఆయనా నేనూ కొన్నేళ్లుగా వీటి వెంట తిరుగుతున్నాం. కొనుక్కోవడమే కాదు, మా దగ్గర్లోని యాంటిక్ మాల్‌లో చిన్న బూత్ అద్దెకు తీసుకుని కొన్ని అమ్ముతున్నాం కూడా. అడిగినవాళ్లందరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ ఉండాలో, ఎక్కడ డబ్బు తీయకూడదో ఒకేచోట రాస్తున్నాను.

ఏ చోటునైనా నేను ఒక్క విషయంతోనే తూస్తాను. వస్తువును బోర్లించి, సొరుగు పూర్తిగా బయటికి లాగి, వెనకవైపు టార్చి వేసి చూడనిస్తారా లేదా? చూడనిస్తే అక్కడ ధర ఎక్కువైనా నిలబడి మాట్లాడతాను, చూడనివ్వకపోతే సగం ధరకిచ్చినా నాకు వద్దు.

కొనే ముందు కళ్లు అలవాటు పడాలి, అందుకు డాయిల్స్‌టౌన్‌తో మొదలుపెట్టండి. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి గంట ప్రయాణం. అక్కడి మెర్సర్ మ్యూజియం 1916లో పూర్తయిన కాంక్రీటు కోట. హెన్రీ మెర్సర్ అనే ఆయన 1897లో పొయ్యిలోకి పట్టకారు కావాలని పాత సామాన్ల వాడి దగ్గరికి వెళ్లి, అక్కడ కుప్పగా పడి ఉన్న పనిముట్లు చూసి, యంత్రాలు రాకముందు మనుషులు చేత్తో ఎలా బతికారో చెప్పే సాక్ష్యం ఇదేగా అనుకుని పోగుచేయడం మొదలుపెట్టాడు. అవి 30 వేలు దాటాయి. నడిమి హాల్లో నిలబడి తలెత్తితే గుర్రబ్బండి, తిమింగలాల వేట పడవ, ఉయ్యాలలు, కుర్చీలు అన్నీ కప్పు నుంచి వేలాడుతుంటాయి. పిల్లలకు అది చాలు. మనం మాత్రం వడ్రంగి పనిముట్ల గదుల్లో ఎక్కువసేపు ఉండాలి, ఎందుకంటే ఏ పనిముట్టు చెక్క మీద ఎలాంటి గాటు పెడుతుందో తెలిస్తే, రేపు బజారులో భోషాణం వెనక పలక చూడగానే అది ఏ కాలందో కొంత పోల్చుకోవచ్చు. చలికాలంలో వెళ్తే లోపల కూడా జాకెట్ తీయలేం. ఆయన ఇల్లు ఫాంట్‌హిల్ మైలు దూరంలోనే ఉంది, దానికి మాత్రం ముందే టైమ్ బుక్ చేసుకోండి.

అక్కడి నుంచి ఎఫ్రటా. 1732లో మొదలైన మఠం, బ్రహ్మచర్యం పాటించే జర్మన్ భక్తులు ఉండేవాళ్లు. గుమ్మాలు ఎంత పొట్టివంటే మా ఆయన ప్రతి గదిలోకీ వంగే వెళ్లాడు. పడుకోవడానికి చెక్క బల్ల, తలగడగా చెక్క దిమ్మ. ఇంత కఠినంగా బతికినవాళ్లు కాగితం మీద మాత్రం పూలతీగల్లాంటి అక్షరాలు రాశారు. ఫ్రాక్‌టూర్ అనే ఈ రాత తర్వాత పెన్సిల్వేనియా జర్మన్ ఇళ్లన్నిటికీ పాకింది. బిడ్డ పుడితే బడిపంతులో ఊరూరా తిరిగే రాతగాడో వచ్చి, పేరు, తల్లిదండ్రులు, ఊరు, బాప్టిజం ఇచ్చిన పాస్టరు, చుట్టూ తులిప్ పూలు, చిలకలు, దేవదూతలతో పత్రం రాసిచ్చేవాడు. దాన్ని గోడకు తగిలించేవాళ్లు తక్కువ, ఎక్కువగా బైబిల్లో మడిచి పెట్టేవాళ్లు, లేదా భోషాణం మూతకు లోపలివైపు అంటించేవాళ్లు. గైడ్ టూర్ తప్పకుండా తీసుకోండి, అది లేకుండా ముఖ్యమైన భవనాల లోపలికి వెళ్లలేం.

ఇక అసలు బజారు, ఆడమ్స్‌టౌన్. ఎఫ్రటా నుంచి పావుగంట. రూట్ 272 పొడుగునా యాంటిక్ దుకాణాలే. అన్నిటికన్నా నాకిష్టమైనది రెనింగర్స్, అది తెరిచేది ఆదివారం. పొద్దున్నే బయట బల్లల మీద, తర్వాత లోపల వరసగా బూత్‌లలో సరుకు ఉంటుంది. ఇక్కడ చాలామంది డీలర్లు తమ బూత్‌లో తామే కూర్చుంటారు, అదే దీని బలం. మిగతా మాల్స్‌లో డీలరు ఉండడు, ట్యాగ్ ఒక్కటే ఉంటుంది, బేరం ఆడాలంటే కౌంటర్ దగ్గరివాళ్లు ఆయనకు ఫోన్ చేయాలి. పది శాతం అడగ్గానే తగ్గిస్తారు, అంతకుమించి కావాలంటే "మీ బెస్ట్ ప్రైస్ ఎంత?" అని మర్యాదగా ఒక్కసారి అడగండి. మోండా మార్కెట్ బేరం ఇక్కడ పనికిరాదు, సగం ధర చెబితే ముఖం తిప్పేసుకుంటారు.

అక్కడే ఒక పెద్దాయన బూత్‌లో నేను ఒక ఫ్రాక్‌టూర్ చూశాను. ఫ్రేమ్ విప్పి చూడొచ్చా అని అడిగితే ఆయనే స్క్రూలు తీసి, కాగితాన్ని వెనక్కి తిప్పి, కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. ముందువైపు చిలక రెక్క ఆకుపచ్చగా ఉన్నచోటల్లా వెనక గోధుమరంగు మచ్చ, రెండుచోట్ల కాగితం తినేసి చిన్న చిల్లులు. అప్పటి ఆకుపచ్చ రంగు రాగి చిలుము నుంచి చేసేవాళ్లు, అది ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. కొత్తగా రంగు ప్రింటర్‌లో తీసిన కాపీలో ఆ తినుడు ఉండదు. ఒక అంచు దగ్గర వేరే కాగితం అతికించి ఉందని కూడా ఆయనే చూపించి, రసీదు మీద రాసిచ్చాడు. అచ్చువేసిన ఫారంలో పేర్లు నింపి రంగులద్దినవి, రీడింగ్, అలెన్‌టౌన్ ప్రెస్సుల్లో అచ్చయినవి, వంద రెండొందల డాలర్లకు కూడా దొరుకుతాయి. మొదలుపెట్టేవాళ్లకు అవే మంచివి. మొత్తం చేత్తో గీసినవైతే వేల డాలర్ల మాట.

అదే రోడ్డు మీద ఇంకోచోట (పేరు అనవసరం) నీలంరంగు భోషాణం ఒకటి, ముందు పలక మీద తులిప్‌లు, 1790ల నాటిదని ట్యాగ్. పక్కకు జరిపి వెనక చూస్తాం అంటే "బరువు, జరపకూడదు" అన్నారు. మూత ఎత్తి లోపల టార్చి వేస్తే కీలు దగ్గర గుండ్రటి తల ఉన్న తీగ మేకు కనిపించింది. ఆ మేకులు 1890ల నుంచి వాడకంలోకి వచ్చాయి. 1800 లోపు కమ్మరి కొట్టిన మేకులు, తర్వాత యంత్రంతో కోసిన చదరపు మేకులు. ఒక్క మేకు ఎవరో రిపేరుకి కొట్టి ఉండొచ్చు, అందుకే వెనక పలక చూడాలన్నాం. చిత్రిక పట్టిన అలలు చేతికి తగిలితే పాతదనే లెక్క, గుండ్రటి రంపం గీతలు విల్లులా కనిపిస్తే 1830ల తర్వాతి చెక్క. చూడనివ్వలేదు, వచ్చేశాం.

బస విషయం. శనివారం రాత్రి మేము ఎఫ్రటా దగ్గర పాత రాతి ఇంట్లో నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో ఉన్నాం, రాత్రికి 180 డాలర్ల దాకా అయింది. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే వద్దు. కానీ ఆ ఇంటావిడకు చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ ఫామ్ సామాన్లు వేలానికి వస్తున్నాయో అన్నీ తెలుసు, పొద్దున టిఫిన్ బల్ల దగ్గర విన్న కబుర్లకే ఆ డబ్బు సరిపోయింది. మాంసం తినమని ముందే చెబితే గుడ్డు కూడా లేకుండా వేరుగా చేసిపెట్టింది. టర్న్‌పైక్ దగ్గర మోటెళ్లు చవక, శుభ్రంగానే ఉంటాయి, లారీల చప్పుడు తప్పదు. తిండికి శాకాహారులకు ఈ వైపు కష్టమే. శనివారం లాంకాస్టర్ ఊరి మధ్యలో సెంట్రల్ మార్కెట్ (మంగళ, శుక్ర, శనివారాలే) ఉంటుంది కాబట్టి గండం గడుస్తుంది. ఆదివారానికి పులిహోర కట్టుకెళ్లండి, నిజంగా చెబుతున్నాను.

లాంకాస్టర్ బొంతల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రోడ్డు పక్క షాపుల్లో వేలాడే రంగురంగుల పూల బొంతలు ఇప్పుడు కుట్టినవి, టూరిస్టుల కోసం. వాటిలో చాలా పని లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ ఆడవాళ్లు చేసిందే. పనితనానికి వంక పెట్టలేం, ఆ ధరకు అవి తగినవే. అయితే పాత వస్తువులు సేకరించేవాళ్లు వెతికేది వేరే. సుమారు 1940 లోపు లాంకాస్టర్ ఆమిష్ ఇళ్లలో ఉన్ని గుడ్డతో కుట్టినవి, అచ్చు పూలుండవు, ముదురు ఎరుపు, ఊదా, నీలం, ఆకుపచ్చ, మధ్యలో ఒక పెద్ద డైమండ్, అంతే. దగ్గరికి వెళ్తే ఆ ఖాళీ రంగు నిండా దారంతో ఈకలు, పూదండలు కుట్టి ఉంటాయి, అంగుళంలో ఎన్ని కుట్లో లెక్కపెట్టాలంటే భూతద్దం కావాలి. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం పాత అమెరికన్ బొంతల్ని పెయింటింగుల్లా గోడలకు తగిలించింది, ఆ తర్వాత డీలర్లు ఆమిష్ ఇళ్ల తలుపులు తట్టి కొనుక్కుపోయారు. అందుకే మంచివి ఇప్పుడు ఆ ఊళ్లో కన్నా మ్యూజియాల్లో, వేలాల్లోనే ఎక్కువ. కొనేప్పుడు చిన్న యూవీ టార్చి వేసి చూడండి, కొత్త తెల్లదారం నీలంగా మెరుస్తుంది. కానీ పాత బొంతను ఈ కాలపు సబ్బుపొడితో ఉతికినా మెరుస్తుంది, ఆ ఒక్క పరీక్షతో తేల్చేయకండి.

ఫిబ్రవరి చివరి నుంచి వసంతమంతా అక్కడి ఫైర్ కంపెనీలు (ఊరి అగ్నిమాపక దళాలు) నిధుల కోసం పెద్ద వేలాలు పెడతాయి, మడ్ సేల్స్ అంటారు. గోర్డన్‌విల్‌లో మార్చి రెండో శనివారం. మంచు కరిగి పొలమంతా బురద, ఒకేసారి అరడజను చోట్ల వేలంపాట, బొంతలు, బగ్గీలు, పనిముట్లు, పశుగ్రాసం. రబ్బరు బూట్లు వేసుకెళ్లండి. ఆమిష్ వాళ్ల ముఖాల మీదికి ఫోన్ పెట్టకండి, వాళ్ల మతంలో అది తప్పు, మనవాళ్లు ఇది చేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఉచితంగా నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో వేలం ప్రివ్యూని మించింది లేదు. డౌనింగ్‌టౌన్‌లో పూక్ అండ్ పూక్ అనే వేలం సంస్థ అమెరికన్ పాత సామాన్లకు పేరున్నది. ఇలాంటిచోట్ల వేలానికి ముందు ఎవరైనా వెళ్లి సొరుగులు లాగొచ్చు, కిందికి దూరి చూడొచ్చు. పాత గుండ్రటి బల్ల దొరికితే టేపుతో రెండువైపులా కొలవండి, చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది కాబట్టి ఒకవైపు కొంచెం తగ్గాలి. కచ్చితంగా గుండ్రంగా ఉంటే అనుమానించాలి. పాడేటప్పుడు గుర్తుంచుకోండి, పాడిన ధర మీద వేలం సంస్థ కమిషన్ 20 శాతం పైనే పడుతుంది, ఆపైన టాక్స్. రంగు వేయని పాత ముదురు ఫర్నిచర్ ధరలు ఇరవై ఏళ్లలో బాగా పడిపోయాయి, వాడుకోవడానికైతే ఇప్పుడు కొనండి. తిరిగి అమ్మాలనుకుంటే మాత్రం అసలు రంగు చెక్కుచెదరకుండా ఉన్నదే చూడండి. పాత రంగు గీకేసి పాలిష్ పెట్టిన భోషాణానికి, మాసిన పాత రంగుతో ఉన్నదానికి ధరలో పదింతల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు.

బ్రిమ్‌ఫీల్డ్ సంగతి వేరు. మసాచుసెట్స్‌లో రూట్ 20 మీద మైలు పొడుగున మైదానాలు, 1959లో మొదలైన సంత, మే, జూలై, సెప్టెంబరు నెలల్లో మంగళవారం నుంచి ఆదివారం దాకా. ఒక్కో మైదానం ఒక్కో రోజు ఒక్కో టైముకి తెరుస్తారు, గేటు దగ్గర జనం నిలబడి ఉంటారు, తెరవగానే పరుగే. తెల్లవారకముందే డీలర్లు టార్చిలతో ఒకరి దగ్గర ఒకరు కొనేస్తుంటారు. పొద్దున ఒక బల్ల మీద చూసినది మధ్యాహ్నానికి ఇంకో మైదానంలో రెట్టింపు ధరతో కనిపిస్తుంది. అనుభవం లేకుండా ఇక్కడికి మొదట రాకండి. ఆ హడావిడిలో నిదానంగా చూడడం కష్టం, శనివారం వస్తే జనమూ తగ్గరు, మంచి సరుకూ మిగలదు. బుధ, గురువారాలు మేలు.

ఇక్కడ ఎక్కువగా మోసపోయేది రాగి వెదర్‌వేన్‌లతో. ఇంటి కప్పు మీద గాలి ఎటో చూపించే గుర్రాలు, కోళ్లు. 2006లో సదబీస్ వేలంలో ఇండియన్ చీఫ్ (అమెరికా ఆదివాసీ నాయకుడి) బొమ్మ ఉన్న ఒకటి 58 లక్షల డాలర్లకు పోయింది, అప్పటి నుంచి నకిలీలకు లోటు లేదు. యాసిడ్ పూసి తెప్పించిన చిలుము అన్నివైపులా ఒకేలా ఉంటుంది, గోరుతో గీకితే పొడిలా రాలుతుంది. నిజంగా వందేళ్లు వానలో ఉన్నదైతే గాలివాటం వైపు ఒకలా, మడతల్లో ఒకలా ఉంటుంది, లోతైనచోట్ల పాత బంగారు రేకు మిగిలి ఉంటుంది, కిందనుంచి తూటా దెబ్బలు, వాటికి సీసపు అతుకులు కూడా మామూలే.

సంత వారంలో చుట్టుపక్కల గదుల రేట్లు మండిపోతాయి. ఒక మోటెల్‌లో మాకు ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, చెక్ఇన్ దగ్గర "ఇది షో వారం" అంటూ అడిగింది ఇంకొకటి, కార్పెట్ తడి వాసన అదనం. బుకింగ్ రేటు ఈమెయిల్‌లో ఉంటేనే వెళ్లండి. స్టర్‌బ్రిడ్జ్‌లో ఉంటే దగ్గర, పైగా అక్కడ 1830ల నాటి పల్లెను నిలబెట్టిన ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ ఉంది, సంతకు ముందురోజు అది చూస్తే కళ్లకు మంచి సాధన.

దూరం వెళ్లలేనివాళ్లు న్యూయార్క్‌లో లింకన్ స్క్వేర్ దగ్గరి అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం చూడండి, టికెట్ లేదు. తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి. ఆమి ఫిలిప్స్ గీసిన ఎర్రగౌను పాప, ఒడిలో పిల్లి, కాళ్ల దగ్గర కుక్క, దానికోసమైనా వెళ్లాలి. ఓపికుంటే వెర్మాంట్‌లో షెల్బర్న్ మ్యూజియం. 1947లో ఎలెక్ట్రా వెబ్ స్థాపించింది. డెగా, మోనే బొమ్మలు కొన్న తల్లికి కూతురు చెక్క బాతులు, దుకాణం ముందు నిలబెట్టే బొమ్మలు పోగుచేయడం అస్సలు నచ్చలేదట. నాకైతే ఈ మొత్తం లోకంలో ఆ తల్లిదండ్రుల సంపద కన్నా కూతురి కళ్లే గొప్పవి. చలికాలంలో వెళ్లేముందు మాత్రం తేదీలు చూసుకోండి.

రవాణా గురించి ఒక మాట. బ్రిమ్‌ఫీల్డ్‌లో షిప్పింగ్ వాళ్లు అక్కడే ఉంటారు, పెద్ద సామానుకు పర్వాలేదు, కానీ కొటేషన్ కాగితం మీద తీసుకోండి. భోషాణాన్ని మినీవ్యాన్‌లో తెస్తే మూత విడిగా కట్టండి, లేకపోతే కుదుపులకు కీలు దగ్గర పాత చెక్క చీలుతుంది. బొంతను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎండలో కారులో వదిలేయకండి, ఉతికిన తెల్ల నూలు దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్లి దాంట్లో వదులుగా చుట్టి తెచ్చుకోండి.