బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు సైకిల్ దారి: ఐదుకి రెండున్నర

మారతహళ్లి వంతెన నుంచి బెళ్లందూరులో మా ఆఫీసుకి సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. ఏడాదిగా సైకిల్ మీదే వెళ్తున్నాను. ముందు బుట్టలో టిఫిన్ డబ్బా, వెనక క్యారియర్ మీద బ్యాగు, చున్నీ నడుముకి ముడి. కాబట్టి ఇది ఆదివారం తెల్లారుజామున నంది హిల్స్ ఎక్కేవాళ్ల కోసం రాసిన రివ్యూ కాదు.

2020లో, కోవిడ్ రోజుల్లో, ఈ రోడ్డు పక్కన గీత గీసి, పొట్టి స్తంభాలు పాతి సైకిళ్లకని కొంత జాగా వదిలారు. తర్వాత మెట్రో పనులు మొదలయ్యాయి. ఇప్పుడు స్తంభం మిగిలిన చోట దారి ఉంది, ఊడిన చోట పార్కింగ్ ఉంది.

మిగిలిన ముక్కల్లో మాత్రం ప్రాణం హాయిగా ఉంటుంది. వెనక బస్సు హారన్ కొట్టినా ఉలిక్కిపడక్కర్లేదు. పక్కన కార్లన్నీ ఆగిపోయి ఉంటే మనం మాత్రం మెల్లగా సాగిపోతాం. ఈ సంతోషం చిన్నదేమీ కాదు.

అసలు టెన్షన్ ఫ్లైఓవర్ దిగే చోట. పైనుంచి బళ్లు దూసుకొచ్చి ఎడమకి కలుస్తాయి. సరిగ్గా దారి కావాల్సిన ఆ చోటే గీత కూడా ఉండదు. నేను దిగి నడిపించుకుంటూ పోతాను.

మొన్న కాడుబీసనహళ్లి దగ్గర ఒక ఆటో దారికి అడ్డంగా ఆగింది. బెల్ కొట్టాను. "స్వల్ప అడ్జస్ట్ మాడి మేడం" అన్నాడు డ్రైవరు కన్నడంలో, అంటే కొంచెం సర్దుకోండి అని. "ఎంతని చేసుకునేది?" అని నాలో నేను గొణుక్కుంటే, వెంటనే "తెలుగోళ్లా? అట్లయితే రోంత సర్దుకో అక్కా, పాసింజర్ వస్తాండాడు" అన్నాడు. మదనపల్లె మనిషట. ఆటో మాత్రం కదల్లేదు.

ఇంకో సంగతి, మురుగు కాలువల మీది ఇనుప జాలీలు. కొన్నిటి సందులు మనం వెళ్లే దిక్కుకే ఉంటాయి. సన్న టైరు నేరుగా అందులో దిగబడుతుంది. అడ్డంగా పెట్టి ఉంటే ఈ బాధే లేదు. ఒకసారి నా ముందు చక్రం ఇరుక్కుని పప్పు డబ్బా మూత ఊడి, బుట్టంతా పప్పే. అప్పట్నుంచి కాస్త లావు టైర్లు వేయించాను.

వానొస్తే ముందు నీళ్లు నిలిచేదీ ఈ అంచునే. 2022లో ఎకోస్పేస్ ఆఫీసుల సముదాయం దగ్గర రోడ్డంతా మునిగింది గుర్తుందిగా? మబ్బు పట్టిందంటే నేను 500డి బస్సే ఎక్కుతాను, డబ్బా ఒళ్లో పెట్టుకుని.