శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్: నాలుగు స్వరాలు, అయిదవ వరుస

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాస్ట్రో థియేటరులో ఆ నగరపు గే మెన్స్ కోరస్ (మగవారిని ప్రేమించే మగవారి బృందగానం) పాడటం చాలా ఏళ్ళుగా వస్తున్న ఆనవాయితీ. 2018 డిసెంబరు 24న నేను ఆ కచేరీకి మొదటిసారి వెళ్ళాను. తీసుకువెళ్ళినవాడు నా మేనల్లుడు. అంతకు రెండేళ్ళ క్రితం అతను తన గురించి ఇంట్లో అందరికంటే ముందు నాకు చెప్పుకున్నాడు. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 377వ సెక్షన్‌పై తీర్పు చెప్పి, ఒకే లింగానికి చెందిన వయోజనులు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని ప్రకటించినప్పుడు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. డిసెంబరులో మళ్ళీ ఫోను చేసి, "అత్తయ్యా, ఒక పాటకచేరీ ఉంది, వస్తావా?" అన్నాడు. ఎవరి కచేరీ అని కూడా అడగకుండా వస్తానన్నాను. ఆ తర్వాత ఈ బృందాన్ని మరికొన్నిసార్లు విన్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉంటున్న తెలుగువారికీ, పిల్లలను చూడటానికి వచ్చే తల్లిదండ్రులకూ ఈ కచేరీని పరిచయం చేయాలని రాస్తున్నాను.

ముందు సంగీతం సంగతి చెప్పాలి. నేను చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. పదిమంది కలిసి పాడటం అంటే నాకు తెలిసింది భజన. భజనలో ఒకరు ఎత్తుకున్న వరుసనే మిగిలినవారందరూ అందుకుంటారు. ఇక్కడ అలా కాదు. పురుషుల బృందగానంలో గాయకులను నాలుగు వరుసలుగా విభజిస్తారు: మొదటి టెనర్, రెండవ టెనర్, బారిటోన్, బేస్. తారస్థాయి నుంచి మంద్రస్థాయి దాకా ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క గమనం ఉంటుంది, నాలుగూ ఒకే సమయంలో నాలుగు వేర్వేరు దారుల్లో నడుస్తాయి, మాటలు మాత్రం ఒకటే. మొదటి పాటలో నా చెవి దేన్ని పట్టుకోవాలో తెలియక తడబడింది. రెండవ పాట నుంచి బేస్ గొంతులను మాత్రమే వెంబడించాను. అప్పుడు మిగిలిన మూడు స్వరాలూ ఆ పునాది మీద లేస్తున్నట్టు వాటంతట అవే వినిపించాయి. ఇలాంటి గానం మన చెవికి పూర్తిగా పరాయిదని కూడా నేను అనుకోను. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో యూత్ కోయర్ స్థాపించి, భారతీయ భాషల పాటలను ఇలా అనేక స్వరాలలో పాడించారు. ఆకాశవాణి బృందగానాలు విన్న తరానికి ఆయన పేరు బాగా గుర్తుంటుంది.

బృందం పెద్దది. వేదిక మీద మెట్లు మెట్లుగా నిలబడిన రెండు వందల పైచిలుకు మగగొంతులు ఒక్కసారిగా స్వరాన్ని తగ్గించి గుసగుసలా పాడినప్పుడు కలిగే అనుభూతి రికార్డులో దొరకదు. వీరిలో ఎక్కువమంది వృత్తిగాయకులు కారు. పగలు తమ ఉద్యోగాలు చేసుకుని, సోమవారం రాత్రుళ్ళు సాధనకు వచ్చేవారు. ఆ సోమవారాల వెనుక ఉన్న కథ తెలిస్తే కచేరీ వేరుగా వినిపిస్తుంది.

బృందం మొదటి సాధన 1978 అక్టోబరు 30, సోమవారం రాత్రి జరిగింది. స్థాపించినవారు జాన్ రీడ్ సిమ్స్; కాన్సస్ రాష్ట్రంలోని స్మిత్ సెంటర్ అనే చిన్న ఊళ్ళో పుట్టి, సంగీత ఉపాధ్యాయుడుగా పనిచేసిన వ్యక్తి. అదే సంవత్సరం ఆయన గే వాద్యకారులతో ఒక కవాతు బ్యాండును కూడా ఏర్పాటు చేశారు. అప్పుడే కాలిఫోర్నియాలో గే, లెస్బియన్ ఉపాధ్యాయులను బడులనుంచి తొలగించడానికి వీలు కల్పించే ఆరవ ప్రతిపాదన నవంబరు ఓటింగుకు వచ్చింది. అలాంటి సమయంలో ఒక ఉపాధ్యాయుడు తన బృందం పేరులోనే "గే" అన్న మాట పెట్టుకోవడం ఎంత సాహసమో ఆలోచించండి. ఆ ప్రతిపాదన నవంబరు 7న ఓడిపోయింది. (మన పత్రికలు ఇప్పటికీ వాడే కొన్ని తెలుగు మాటలు ఒక మనిషి జీవితం మొత్తాన్ని పడకగదికి కుదించేస్తాయి. వీరు తమకు తాము పెట్టుకున్న పేరునే నేను ఇక్కడ వాడుతున్నాను.)

మొదటి సాధన జరిగిన సరిగ్గా నాలుగు వారాలకు, నవంబరు 27న, నగర మేయరు జార్జ్ మాస్కోనీనీ, నగరపాలక సభ్యుడు హార్వీ మిల్క్‌నూ అదే పాలకసభ మాజీ సభ్యుడు డాన్ వైట్ సిటీ హాలులోనే కాల్చి చంపాడు. మిల్క్ తాను గే అని దాచకుండా ఎన్నికల్లో గెలిచి, ఆ ఏడాది జనవరిలోనే పదవి చేపట్టిన నాయకుడు. ఆ రోజు కూడా సోమవారమే, సాధన జరగవలసిన రాత్రే. ఆ రాత్రి వేలాదిమంది కొవ్వొత్తులు పట్టుకుని క్యాస్ట్రో వీధి నుంచి సిటీ హాలు దాకా నడిచారు. ఇంకా ఒక్క కచేరీ కూడా ఇవ్వని ఈ బృందం సిటీ హాలు మెట్ల మీద నిలబడి, తరతరాలుగా దేవుడే మాకు ఆశ్రయం అనే భావంతో మెండెల్సన్ కూర్చిన కీర్తన పాడింది. ప్రజల ముందు వారు పాడిన మొదటి పాట అదే. మొదటి కచేరీ కోసం సాధన చేసుకుంటున్న గొంతులు ముందుగా సంతాపానికి పనికివచ్చాయి. అసలు కచేరీ డిసెంబరు 20న జరిగింది.

వీరే మొట్టమొదటివారు అనుకోకూడదు. ఫిలడెల్ఫియాలో కేథరిన్ రోమా 1975లో స్థాపించిన ఆనా క్రూసిస్ మహిళా బృందం వీరికంటే పాతది. న్యూయార్కులో 1977లో గోథమ్ పురుషుల బృందంగా మొదలై, తర్వాత స్త్రీలను కూడా చేర్చుకుని స్టోన్‌వాల్ కొరాల్ అని పేరు మార్చుకున్న బృందం ఉంది. గే, లెస్బియన్ గాయకులు ఒకే వేదికపై నిలిచిన బృందంగా దాని స్థానం ప్రత్యేకమైనది. అయితే ఈ పాటను ఊరూరా అంటించిన ఘనత శాన్‌ఫ్రాన్సిస్కో వారిదే. 1981 జూన్‌లో వీరు దేశమంతా తిరిగి పాడారు. ఖర్చుల కోసం కొందరు సభ్యులు తమ ఇళ్ళు తాకట్టు పెట్టారు. వాషింగ్టన్‌లో కెన్నెడీ సెంటరులో వీరి కచేరీ విన్నవారు ఆ ఏడాదే తమ నగరంలో ఒక గే కోరస్ మొదలుపెట్టారు. 1982లో ఇలాంటి బృందాలన్నీ కలిసి గాలా అనే సమాఖ్య ఏర్పాటు చేసుకున్నాయి. నేడు అందులో వందకు పైగా బృందాలు ఉన్నాయి.

ఆ యాత్ర జరిగిన నెలలోనే, జూన్ 5న, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు సోకిన ఒక అరుదైన న్యుమోనియా గురించి చిన్న నివేదిక ప్రచురించింది. ఎయిడ్స్ గురించి లోకానికి అందిన మొదటి అధికారిక సమాచారం అది. జాన్ సిమ్స్ 1984లో ఆ వ్యాధితోనే, నలభై ఏళ్ళు కూడా నిండకుండా మరణించారు. ఆ తర్వాత పన్నెండేళ్ళ పాటు, అంటే 1996 ప్రాంతంలో కొత్త మందుల కలయిక వచ్చేవరకు, సాధనకు వచ్చేవారు ఏ కుర్చీ ఖాళీగా ఉందో ముందు చూసుకునే పరిస్థితి. బృందం కోల్పోయిన సభ్యులు 300 మందికి పైగా. ఒక బృందగానంలో ఒక గొంతు పోతే దాని పక్కవారికి వెంటనే తెలుస్తుంది, తాము ఆసరాగా పట్టుకున్న స్వరం అక్కడ ఉండదు. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ ఛాయాచిత్రకారుడు ఎరిక్ లూస్ తీసిన ఒక ఫోటో ఉంది. అందులో తెల్లదుస్తుల్లో మన వైపు చూస్తున్న కొద్దిమందీ తొలి బృందంలో బతికి మిగిలినవారు. నల్లదుస్తుల్లో వీపు మళ్ళించి నిలబడ్డవారందరూ చనిపోయినవారికి ప్రతీకలు. మేనల్లుడు ఆ ఫోటో నాకు రైలులోనే, ఫోనులో చూపించాడు. అలా చనిపోయినవారిని ఈ బృందం "అయిదవ వరుస" అని పిలుచుకుంటుంది. నాలుగు స్వరాల తర్వాత అయిదవది. చనిపోయినవారిని మాజీ సభ్యులు అనకుండా, ఇప్పటికీ బృందంలో ఒక విభాగంగా లెక్కపెట్టుకోవడం నన్ను కదిలించినంతగా ఆ కచేరీలో మరేదీ కదిలించలేదు. మన ఇళ్ళల్లో తద్దినం రోజున మూడు తరాల పేర్లు చెప్పుకునే అలవాటు ఉన్నవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

తర్వాతి కాలం గురించి క్లుప్తంగా చెబుతాను. 2000 నుంచి దాదాపు పదేళ్ళు కాథ్లీన్ మెక్‌గ్వైర్ అనే మహిళ ఈ పురుషుల బృందాన్ని నడిపించారు. 2011లో వచ్చిన టిమ్ సీలిగ్ అంతకు పూర్వం హ్యూస్టన్‌లో ఒక బాప్టిస్టు చర్చిలో సంగీత బాధ్యతలు చూసి, తాను గే అని చెప్పినందుకు ఆ జీవితం మొత్తం పోగొట్టుకున్నవారు. ఆయన నాయకత్వంలోనే 2017లో బృందం మిసిసిపీ, అలబామా, టెనెసీ, కరొలినాలు తిరిగి, అక్కడి చర్చిల్లో కూడా పాడింది. ఆ యాత్రకు "లావెండర్ పెన్" అని పేరు పెట్టారు. 1978లో గేల హక్కుల చట్టంపై సంతకం చేయడానికి మిల్క్ మేయరుకు ఇచ్చిన కలం రంగు అది. తమను తప్పుపట్టే ఊళ్ళకు వాదనతో వెళ్ళకుండా పాటతో వెళ్ళడం నాకు చాలా నచ్చింది. 2019లో వలెన్షియా వీధిలో బృందం సొంత భవనం కొనుక్కుంది.

ఇక కచేరీకి వెళ్ళేవారికి నాలుగు మాటలు. టికెట్లు బృందం సొంత వెబ్‌సైటులోనే కొనండి. రెండవసారి వెళ్ళినప్పుడు నేను ఆలస్యం చేసి, తిరిగి అమ్మే ఒక వెబ్‌సైటులో కొని, దాదాపు రెట్టింపు ధర చెల్లించాను; పైగా ఇద్దరికీ పక్కపక్కన సీట్లు రాలేదు. క్రిస్మస్ ముందురోజు కారు తీసుకువెళ్తే పార్కింగు దొరకదు. ఫ్రీమాంట్ వైపు నుంచి వచ్చేవారు బార్ట్ రైలులో సివిక్ సెంటరులో దిగి, మ్యూనీ రైలు ఎక్కితే క్యాస్ట్రో స్టేషను థియేటరు దగ్గరే ఉంటుంది. థియేటరు 1922లో కట్టినది. ఇటీవల చాలాకాలం మరమ్మతులకు మూసి ఉంది, కాబట్టి కచేరీ ఎక్కడ జరుగుతోందో ముందే చూసుకోండి. కార్యక్రమంలో భక్తిగీతాలూ, పాత క్రిస్మస్ పాటలూ, హాస్యపు అంశాలూ కలిసి ఉంటాయి. అమెరికా టీవీ కార్యక్రమాలు తెలియనివారికి ఆ హాస్యంలో సగం అందదు. ఊరి నుంచి వచ్చిన పెద్దవారికి ఆ సమయం కొంచెం పొడవుగా అనిపించవచ్చు. వారితో వెళ్తున్నట్లయితే ఈ బృందం ఎవరిదో, ఎందుకు పుట్టిందో ఇంట్లోనే చెప్పి తీసుకువెళ్ళండి. అక్కడికి వెళ్ళాక తెలుసుకుని ఇబ్బంది పడేకంటే, తెలిసి వచ్చి వినడం వారికీ గౌరవం, పాడేవారికీ గౌరవం.

నేను వెళ్ళిన ఆ మొదటి సాయంత్రం వేదిక పక్కన ఒకరు నిలబడి, ప్రతి పాటనూ చేతి సైగల భాషలోకి మారుస్తూ ఉన్నారు. చివరకు వచ్చిన "సైలెంట్ నైట్" పాటలో గాయకులే ఆ సైగలు చేస్తూ పాడారు. ఆఖరి చరణానికి వచ్చేసరికి గొంతులు పూర్తిగా ఆపి చేతులతో మాత్రమే చరణం నడిపించారు. అన్ని చేతులు ఒకే లయలో లేచి దిగుతుంటే, తెరల గాలి చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం హాలంతా నిండింది. నేను ఆ నిశ్శబ్దంలో బేస్ స్వరం ఎక్కడ ఉండాలో మనసులో వెతుక్కున్నాను. పక్కన మేనల్లుడి చేయి నా చేతిలో ఉంది.

తిరుగు రైలులో చాలా దూరం వచ్చేదాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు. యూనియన్ సిటీ దాటాక, "వచ్చే సంవత్సరం మామయ్యను కూడా తీసుకువద్దామా అత్తయ్యా?" అని అడిగాడు. మరుసటి ఏడాది ముగ్గురం వెళ్ళాము. ఆయన విరామంలో ఏమీ అనలేదు కానీ, ఇంటికి వచ్చాక ఆ 1993 ఫోటో ఏదని అడిగి, కళ్ళజోడు పెట్టుకుని, తెల్లదుస్తుల వారిని ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టారు.