పెక్స్ పైపులు, రాగి రింగులు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

బండి వెనక తగిలించి క్యాంపింగ్‌కి లాక్కెళ్ళే మా 1986 ట్రైలర్‌లో బూడిదరంగు పాలీబ్యూటిలీన్ (పాతరకం ప్లాస్టిక్) నీళ్ళ పైపులన్నీ పీకేసి పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపులు వేసుకుని నాలుగేళ్ళయింది. ఎరుపు వేడినీళ్ళకి, నీలం చన్నీళ్ళకి లాంటివి అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది రాగి రింగు గురించి.

రింగు తొడిగి, పైపులోకి ఇత్తడి ఫిట్టింగు దూర్చి, రింగుని పైపు అంచుకి మూడు మిల్లీమీటర్లు ఇవతల నిలిపి, క్రింపర్ అనే పెద్ద పటకారుతో నొక్కాలి. తర్వాత రింగు మీద గేజ్ అనే కొలత బిళ్ళ పెట్టి చూడాలి. రింగు దాని ఒక గాడిలో దూరాలి, రెండోదాంట్లో దూరకూడదు. ప్లంబింగ్‌లో ఓనమాలు రాని నాకు, జాయింటు జాయింటుకీ మార్కులేసే మాస్టారు దొరికినట్టయింది. ఇరవై ఆరు వేశాను, ఒక్కటీ కారలేదు.

కారింది ఇరవై ఏడోది. షవర్ వెనక మూలలో క్రింపర్ పొడుగు పిడులు తెరుచుకునే చోటు లేదు. అక్కడ ఊరికే నెడితే పట్టేసే పుష్-ఫిట్ జాయింటు పెట్టాను. రెండేళ్ళు దాన్నీ తెగ పొగిడాను.

మూడో ఏడు ఒక స్టేట్ పార్కులో, రాత్రి రెండింటికి ట్రైలర్‌లో నీళ్ళు తోడే మోటారు పంపు గుర్రుమంది. రెండు సెకన్లు, అంతే. పది నిమిషాలకి మళ్ళీ. "ఏమండీ, కుళాయి తిప్పారా?" అంది మా ఆవిడ కళ్ళు తెరవకుండానే. ఎవరూ తిప్పలేదు. తిప్పకుండానే పంపు తిరిగిందంటే లైన్లో ఒత్తిడి పడిపోతోందన్నమాట. టార్చి, టిష్యూ కాగితాలు పట్టుకుని అన్ని జాయింట్లూ అద్దుకుంటూ పోయాను. చెమ్మ కంటికి ఆనలేదు, కాగితానికే తెలిసింది. కింద ప్లైవుడ్‌ని బొటనవేలితో నొక్కితే టీలో నానిన బిస్కట్టులా దిగబడింది.

తప్పంతా జాయింటుదేనా అంటే అనలేను. విప్పితే పైపు చివర ఏటవాలుగా ఉంది. కట్టర్ పట్టక నేనే హాక్సా బ్లేడుతో కోశాను, ఆ గరుకు లోపలి రబ్బరు రింగుని గీసినట్టుంది. ఇంటి గోడలో ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగేదేమో గానీ, హైవే కుదుపులు వేరు. ఇప్పుడక్కడ స్టీలు క్లాంపు ఉంది. దాన్ని బిగించే పనిముట్టు ఒంటి చేత్తో ఇరుకులో కూడా పడుతుంది. ట్రైలర్‌కి అసలు మొదట కొనాల్సింది అదే. నా ముద్దుల క్రింపర్ ఇంట్లో పనికొస్తుంది.

గడ్డకట్టినా పెక్స్ పగలదని కూడా చాలామందికి చెప్పాను. పైపు పగల్లేదు, నిజమే. కానీ ఒక చలికాలం నీళ్ళు తీసేయడం మరిచిపోతే సింకు కుళాయి చీలింది. అప్పట్నుంచి నవంబరులో పైపుల్లో గులాబీరంగు యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) పోస్తున్నాను. మేముండేది డాలస్, ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు. గడ్డకట్టే చలిలో ఉండే మిన్నెసోటా వాళ్ళకి నా మాట ఎంతవరకు పనికొస్తుందో మరి.

ప్లైవుడ్ ఇంకా మార్చలేదు. మీద చాప వేశాం.