గండికోట లోయ ముందు సోనీ ఆల్ఫా 6400 లెవెల్: పచ్చగీతను ఎంత నమ్మొచ్చు?

గండికోటలో పెన్నా లోయ అంచు నుంచి తీసిన ఫొటోలు తరచూ ఒక పక్కకు ఒరిగిపోతాయి. అవతలి ఒడ్డు మనకు ఎదురుగా అడ్డంగా ఉండదు, ఏటవాలుగా దూరమవుతూ పోతుంది. కన్ను ఆ అంచునే మట్టమనుకుంటే చెయ్యి కెమెరాను దానికి తగ్గట్టు వంచేస్తుంది. సముద్రం దగ్గరలాగా పట్టుకోడానికి అక్కడ నమ్మకమైన గీత దొరకదు. సోనీ ఆల్ఫా 6400 కెమెరాలోని లెవెల్ (కెమెరా మట్టంగా ఉందో ఒరిగిందో తెరమీద గీతలతో చూపేది) నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

వెనక చక్రం పైభాగాన్ని (డిస్ప్ బటన్) నొక్కుతూ పోతే లెవెల్ వస్తుంది. రాకపోతే మెనూలో డిస్ప్ బటన్ అనే చోటికి వెళ్లి లెవెల్‌కు టిక్ పెట్టాలి. మానిటర్‌కు (వెనక తెర), వ్యూఫైండర్‌కు (కన్ను ఆనించి చూసేది) విడివిడిగా పెట్టాలి, చాలామంది ఒకటే పెట్టి రెండోదాంట్లో రాలేదంటారు. బయటి గీతలు కుడిఎడమల ఒరుగుకు, లోపలివి ముందువెనకల వాలుకు. సరిపోగానే పచ్చబడతాయి.

పచ్చబడినా దాదాపు ఒక డిగ్రీ తేడా ఉండొచ్చని సోనీయే చెబుతుంది. కెమెరాను పైకో కిందికో బాగా వంచితే తప్పు ఇంకా పెరుగుతుంది. 6000 పిక్సెళ్ల వెడల్పులో ఒక డిగ్రీ అంటే ఈ చివరికీ ఆ చివరికీ 105 పిక్సెళ్ల తేడా. కంప్యూటర్‌లో తిప్పి, వెడల్పు ఎత్తుల నిష్పత్తి మారకుండా సరిచేస్తే ఫొటో ఐదు శాతం కోతపడుతుంది. మూడు డిగ్రీలైతే పద్నాలుగు శాతం. అంచున నిలబెట్టిన మనిషి తెగిపోడానికి అంత చాలు.

మీ కెమెరా లెవెల్‌ను పరీక్షించడం తేలికే. గోడ ముందు దారానికి తూకంగుండు కట్టి వేలాడదీయండి. అది ఆగాక, బయటి గీతలు పచ్చగా ఉన్నప్పుడు ఫొటో తీసి, దారం పై కొసకూ కింది కొసకూ పక్కకు ఎన్ని పిక్సెళ్ల తేడా ఉందో చూడండి. ఫ్రేము పూర్తి ఎత్తు 4000 పిక్సెళ్లలో 70 వస్తే ఒక డిగ్రీ. లెన్స్ వంపు దారాన్ని వంచకుండా దాన్ని ఫ్రేము మధ్యలో ఉంచండి. తేడా ఉన్నా ఈ మోడల్‌లో లెవెల్‌ను మనం సరిచేసుకునే వీలు లేదు. అది నిజమైన లోటే. ఎటు ఎంత ఒరుగుతుందో గుర్తుపెట్టుకుని వాడుకోవాలి.

మాధవరాయ గుడి గోపురం దగ్గర లోపలి గీతల విలువ తెలుస్తుంది. కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి పడుతున్నట్టు వస్తుంది. వెనక్కి జరిగి, కెమెరాను నిలువుగా పట్టుకుని, లోపలి గీతలు పచ్చబడేదాకా దించండి. కింద నేల ఎక్కువగా వస్తుంది, రానివ్వండి. కింది మూడోవంతు కోసేస్తే 4000×4000 మిగులుతుంది, పదమూడు అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. వెనక్కి జరగడానికి చోటు లేకపోతే మాత్రం ఈ లెవెల్ ఏమీ చేయలేదు.

లెవెల్ సరిచూసుకున్నాక షట్టర్‌ను గట్టిగా నొక్కితే కుడిపక్క కిందికి దిగుతుంది. ట్రైపాడ్ ఉంటే రెండు సెకన్ల టైమర్ పెట్టండి, చేత్తో అయితే సగం నొక్కి ఆగి, మెల్లగా పూర్తి చేయండి. కదిలే బండిలోంచి తీసేటప్పుడు లెవెల్‌ను పట్టించుకోకండి. లోపలి సెన్సర్‌కు బండి కుదుపు కూడా వాలుగానే తెలుస్తుంది.

ఇంకో ఇబ్బంది, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే పటం), లెవెల్ ఒకే తెరమీద రావు. లోయ నీడలో, ఆకాశం వెలుగులో ఉండే సాయంత్రం రెండూ కావాలి. ముందు హిస్టోగ్రామ్‌తో వెలుతురు కుదుర్చుకుని, ఆ తర్వాతే లెవెల్‌కు మారండి. గ్రిడ్ గీతలు మాత్రం లెవెల్‌తో కలిసే ఉంటాయి, వాటిని ఆపకండి.