రాక్షసుల బలానికి రెండు కొలతలు

ఆటగాళ్లు వీరుల పాత్రలు ధరించి రాక్షసులతో పోరాడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 2014 నియమాల్లో ప్రతి జీవికీ ఒక ఛాలెంజ్ రేటింగ్ ఉంటుంది. విశ్రాంతి తీసుకుని, ఆయుధాలతో సిద్ధంగా ఉన్న నలుగురు వీరులు తమ స్థాయికి సమానమైన రేటింగ్ గల జీవిని ప్రాణనష్టం లేకుండా గెలవగలరని దాని అర్థం. ఈ అంకెను ప్రధానంగా హిట్ పాయింట్లు (ఎంత నష్టాన్ని తట్టుకోగలదో), ఆర్మర్ క్లాస్ (దాన్ని కొట్టడం ఎంత కష్టమో), ఒక్కో రౌండులో కలిగించే నష్టం చూసి లెక్కిస్తారు కనుక, వీటిలో ఇమడని ప్రమాదం అందులో సరిగా కనిపించదు. షాడో అనే జీవినే తీసుకోండి. దాని రేటింగ్ అర, దాన్ని గెలిస్తే వచ్చే అనుభవ పాయింట్లు 100. మొదటి స్థాయి వీరులు నలుగురికి అది సులభమైన పోరని నియమాల్లోని పట్టిక చెబుతుంది. కానీ అది తగిలించే ప్రతి దెబ్బకూ వీరుడి బలం 1 నుంచి 4 వరకు తగ్గుతుంది, సున్నాకు చేరితే మరణమే. బలం 8 మాత్రమే ఉన్న మాంత్రికుడు రెండు దెబ్బలకే ప్రాణం విడవవచ్చు. ఆటకు కొత్తగా వచ్చినవారి పట్ల ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఇదే తరహా మరో ఆట పాత్‌ఫైండర్. 2019లో వచ్చిన దాని రెండవ ఎడిషన్ జీవులనూ వీరులనూ ఒకే స్థాయి కొలతతో తూస్తుంది. బృందంతో సమాన స్థాయి జీవి విలువ అనుభవ పాయింట్లలో 40, రెండు స్థాయిలు పైనున్నదాని విలువ 80, నాలుగు పైనున్నదాని విలువ 160. నలుగురికి 80 మధ్యస్థమైన పోరు, 160 చావోరేవో తేల్చే పోరు. జీవులు గుంపుగా వచ్చినా వేరే గుణకాలు అక్కరలేదు, విలువలను కూడితే చాలు. ఆట నడిపే నిర్వాహకుడికి నేను ఈ పద్ధతినే సూచిస్తాను. అయితే మొదటి స్థాయి బృందం మీదికి మూడవ స్థాయి జీవిని పంపేముందు ఆగి ఆలోచించాలి; లెక్కకు అది మధ్యస్థమే అయినా, రెట్టింపు నష్టం చేసే ఒక్క క్రిటికల్ దెబ్బకు వీరుడు కుప్పకూలవచ్చు.